మాత్రలు పంచుకోకూడదు

మా యానాదుల్లో దొరికింది పంచుకోవడం ఆనవాయితీ. చేపలు పట్టినా, తేనె తీసినా పక్కింటికి పంపకుండా తినం. ఆ అలవాటే ఒకసారి మా వదిన ప్రాణం మీదికి తెచ్చింది.

రాజంపేట దగ్గర తోటల్లో మామిడికాయలు కోసే రోజులవి. తోటలో ఆడవాళ్లకు చాటు ఉండదు. అందుకని పొద్దున్నుంచి నీళ్లు తాగరు, ఒంటికి వచ్చినా బిగబట్టుకుంటారు. వదినకు మూత్రం మంట మొదలైంది. "వేడి చేసిందిలే" అని సబ్జా నీళ్లు ఇచ్చాం. మూడో రోజుకు వణికించే చలిజ్వరం, వీపులో ఒక పక్క పోటు, వాంతులు. ఆస్పత్రికి తీసుకుపోతే, ఇన్ఫెక్షన్ కిడ్నీకి ఎక్కిందని చెప్పి సూదులు వేశారు. పది రోజులకు మాత్రలు రాశారు.

నాలుగో రోజుకు జ్వరం పోయింది. వదిన కూలికి పోయింది. మిగిలిన మాత్రలు, తనకూ అదే మంట అన్న చిన్నత్తకు ఇచ్చేసింది. మంచి పనే అనుకున్నాం. అత్తకు మంట పోలేదు. వదినకు మళ్లీ చలిజ్వరం వచ్చింది. ఈసారి మూత్రం కల్చర్ పరీక్షలో పాత మందుకు క్రిమి లొంగలేదని తేలింది. వారం రోజులు ఆస్పత్రి మంచం మీదే ఉంది.

అప్పుడు డాక్టరమ్మ మాకు విడమరిచి చెప్పింది. ఈ జబ్బు ఎక్కువగా మన పేగుల్లో ఉండే ఈ.కోలై అనే క్రిమి వల్ల వస్తుంది. ఆడవాళ్లకు మూత్రనాళం పొట్టి కాబట్టి త్వరగా పైకి ఎక్కుతుంది. మందు పడిన రెండు మూడు రోజుల్లో జ్వరం తగ్గినా క్రిములన్నీ చావవు. మందును బట్టి, మనిషిని బట్టి 5 నుంచి 14 రోజులు వాడాలి. మధ్యలో ఆపితే మందును తట్టుకున్నవి మిగిలి పెరుగుతాయి. కల్చర్‌కు మూత్రం మందు మొదలుపెట్టకముందే ఇవ్వాలి. గర్భిణికి ఇలా వస్తే ఆలస్యం చేయకుండా ఆస్పత్రిలో చేర్చాలి. ఒకరికి పనికొచ్చే మాత్ర ఆమెకు పనికిరాకపోవచ్చు.

మాత్రల అట్ట మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా వాడకూడదని 2016లో కేంద్రం ప్రచారం మొదలుపెట్టింది. చదువు రానివాళ్లకు కూడా ఆ గీత కనపడుతుంది. అయ్యవార్లు బడిలో ఒక అట్ట చూపిస్తే పిల్లలు ఇంట్లో చెబుతారు.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరు మాత్ర వేసుకున్నా పాప గోడ మీద బొగ్గుతో గీత గీస్తుంది. గీతలు పూర్తయ్యేదాకా అట్టను ఎవరికీ ఇవ్వం. మేస్త్రీని అడిగి తోటలో గోనెపట్టల చాటు కట్టించుకున్నాం. మా ఆడవాళ్లు ఇప్పుడు నీళ్లు తాగుతున్నారు. సద్ది మాత్రం ఎప్పటిలాగే కలిసి తింటున్నాం.