సరస్సుల సీమలో రెండు దినములు

మా వారికి ఇంగ్లండులో ఉపాధ్యాయోద్యోగము లభించుటచే మేము మాంచెస్టరు నగరమున కాపురము పెట్టి నాలుగేండ్లు నిండినవి. పరదేశ కాపురము దూరమునుండి చూచువారికి సొంపుగానే యుండును. ఇచట వంటయు, అంట్లును, బజారు పనియు అన్నియు మన చేతులమీదనే జరుగవలెను. ఆ శ్రమకు మేము వెఱవలేదు. మమ్ము బాధించిన విషయము వేఱొకటి గలదు. సోదరీమణులతో చెప్పుకొన్న తప్పులేదని యిచట వ్రాయుచున్నాము.

మా అమ్మాయికి తొమ్మిదవ యేడు. ఈ దేశమునకు వచ్చిన క్రొత్తలో ముద్దుముద్దుగా తెలుగు మాటలాడుచుండెడిది. క్రమముగా మా ప్రశ్నలకు ఇంగ్లీషున బదులిచ్చుట అలవాటు చేసికొనెను. మొన్నటి మాఘమాసమున నొకనాడు బడి వాకిట నిలిచి, "అమ్మడూ, టోపీ పెట్టుకోవే, చలి" అని కేక వేసితిమి. పిల్ల తన తోడి బాలికలవైపు జూచి, తల వంచుకొని, "ఇక్కడ అట్లా మాట్లాడవద్దు" అని ఇంగ్లీషున గొణిగెను. చిన్ననాట తండ్రిగారి చెంత గూర్చుండి భాగవతము చదువుకొన్న మాకు, కన్నబిడ్డ మన మాటకు సిగ్గుపడుట చూచి ఆ రాత్రి కన్ను మూతపడలేదు.

మఱునాటినుండి ఇంట నొక కట్టడి చేసితిమి. సాయంకాలమున ఒక పద్యము అప్పజెప్పినగాని ఆటకు పోరాదు. "కంట నీరు పెట్టించి నేర్పిన పాఠము పరీక్ష దాటి నిలువదు" అని మా వారు తమ యనుభవము చెప్పిరి. మేము వినలేదు. పిల్ల పద్యములు తప్పులేకుండ అప్పజెప్పుచునే యుండెను. అంతకు మించి తెలుగున నొక్క మాటయు పలుకుట మానివేసెను.

ఇట్లుండగా వైశాఖమాసమున నొక శనివారమునాడు, గుంటూరు అక్కయ్యగారి కుటుంబమును, వరంగల్లు వదినగారి కుటుంబమును, మేమును కలసి లేక్ డిస్ట్రిక్టు అను సరస్సుల సీమకు బయలుదేరితిమి. అది మాంచెస్టరునకు ఉత్తరముగా సుమారు 80 మైళ్ల దూరమున గలదు. పులిహోర, దద్ధోజనము, జంతికలు, గోంగూర పచ్చడి కార్లలో సర్దుకొంటిమి. ఎక్కడికి బోయినను మన సామాను మనతో రావలసినదే గదా!

విండర్మియరు సరస్సు పదిమైళ్లకు మించిన పొడవు గలది. ఇంగ్లండులోని సరస్సులలో నెల్ల పెద్దది. కార్లతోసహా మమ్మందఱను ఒక బల్లకట్టు ఆవలి గట్టునకు చేర్చెను. అచట కుందేటిపిల్ల కథలు వ్రాసి, బొమ్మలు దిద్ది, పేరుగాంచిన బియాట్రిక్స్ పాటరు నివసించిన హిల్‌టాప్ అను ఇల్లు గలదు. ఆమె మొదటి కథ 1902లో ప్రచురింపబడెను. పుస్తకములవలన వచ్చిన సొమ్మును కూడ వినియోగించి 1905లో ఈ యిల్లును పొలమును కొనెను. పిమ్మట పొలమునకు పొలము చేర్చి, గొఱ్ఱెల పెంపకమున ఆఱితేరి, 1943లో కన్నుమూయునాటికి 4,000 ఎకరములకు మించిన భూమిని నేషనల్ ట్రస్టునకు వ్రాసియుంచెను. కొండపొలములలో ఆ సీమకు చెందిన హెర్డ్విక్ జాతి గొఱ్ఱెలనే పెంచవలెనని ఆమె కోరిక. ఒక స్త్రీ తన కలము సంపాదనతో ఒక సీమ యందమునే కాపాడెనన్న, మనకును గర్వముగానే యుండును.

ఆ రాత్రి ఒక రైతు ఇంట బస చేసితిమి. వాన పట్టుకొనెను. మఱునాడు తెఱపి యిచ్చిన పిమ్మట, ఆ యింటి పెద్దావిడ పిల్లలను కొండ మొదటికి తీసికొనిపోయి గొఱ్ఱెలను జూపెను. తల్లులు బూడిద వన్నె, పిల్లలు కారునలుపు. పెరిగినకొలది నలుపు విడుచునట. సున్నములేక పేర్చిన రాతిగోడలు కొండ నడుమ వఱకే యున్నవి. ఆపైన బయలు.

"కంచె లేనిదే ఇవి యెట్లు తప్పిపోకుండును?" అని మేమడిగితిమి.

"తల్లి తన పిల్లను వెంటబెట్టుకొని తాను మేసినచోటనే మేయును. ఆ పిల్ల పెద్దదై తన పిల్లకు చూపును. ఇట్లు తరతరములుగా వచ్చుచున్నది. మేము నేర్పునది స్వల్పము" అని ఆమె చెప్పెను. 2001లో గాలికుంటు వ్యాధి ప్రబలినప్పుడు ఆ దేశమున అఱువది లక్షలకు మించిన పశువులను చంపవలసివచ్చినదట. మందకు మంద పోయినచోట, క్రొత్తగా తెచ్చిన గొఱ్ఱెలకు కొండ తెలియక, కాపరులు ఏండ్ల తరబడి కాచుకొనవలసివచ్చెనట.

పిమ్మట ఆమె పిల్లలకు పూర్వపు కాపరుల లెక్క నేర్పెను: యాన్, టాన్, టెథెరా, మెథెరా, పింప్. అది ఇంగ్లీషు గాదు. ఆ సీమలో నెన్నడో మాసిపోయిన ప్రాచీన భాషకు శేషమని చెప్పుదురు. పిల్లలు కేరింతలు కొట్టుచు గొఱ్ఱెలను లెక్కించిరి. మాకు మాత్రము గుండె కలుక్కుమనెను. మా మనుమల నోట తెలుగును ఇట్లే ఒకటి, రెండు, మూడు వఱకు మిగులునా? ఈ నాలుగు నెలలును మేము పిల్లచుట్టు కంచె కట్టుచుంటిమేగాని, వెంటబెట్టుకొని నడువలేదు గదా!

తిరుగుదారిలో మా అమ్మాయి, గొఱ్ఱె కొండకు అలవడుటను తెలుగున ఏమందురని ఇంగ్లీషున నడిగెను. మాకు చదివిన కావ్యములలో నొక్కటియు అక్కఱకు రాలేదు. అక్కయ్యగారు నవ్వి, "ఏముందమ్మా, మరగడం అంటాం. పాలు మరిగిన పిల్లి అనమూ? అట్లాగే కొండ మరిగిన గొఱ్ఱె" అనిరి.

పిల్ల కొంత యాలోచించి, పకపక నవ్వి, "పాలు కదా మరిగేది! గొఱ్ఱె ఎట్లా మరుగుతుంది? పొయ్యిమీద పెడతారా?" అనెను. తెలుగుననే అనెను. కారులోని వారందఱును నవ్విరి. మేము కిటికీవైపు మొగము త్రిప్పుకొంటిమి.

ఇంటికి రాగానే పద్యముల కట్టడి యెత్తివేసితిమి. ఇప్పుడు ఆదివారములందు పిల్లయు మేమును కాలువగట్టున నడచివత్తుము. కనబడినదానికెల్ల మేము తెలుగున పేరు చెప్పుదుము. పిల్ల తనకు తోచిన భాషలో బదులు చెప్పును. ఒక్కొక్కసారి తెలుగు మాటలు దొర్లును. బడి వాకిట మాత్రము ఇంకను ఇంగ్లీషే. మేము తొందరపడుట లేదు. గొఱ్ఱెపిల్లకైనను కొండ మరగుటకు వేసవియంతయు తల్లివెంట తిరుగవలెనట.