గిన్నెల లెక్క

ఆగస్టు 1, 2025, శుక్రవారం. ఫ్రిస్కో, టెక్సస్

కామన్ యాప్ ఈ రోజు తెరుచుకుంది. వెయ్యికి పైగా కాలేజీలకు ఒకే దరఖాస్తు, అందులో ఒకే వ్యాసం. 650 పదాలు దాటకూడదు, 250కి తగ్గకూడదు. ఏడు ప్రశ్నలిచ్చి ఒకటి ఎంచుకోమన్నారు. ఏడోది నీ ఇష్టమొచ్చింది రాసుకోమని. అమ్మాయి ఏడూ చదివి ల్యాప్‌టాప్ మూసేసింది.

"నాకేం జరగలేదు కదమ్మా, ఏం రాయను?"

నిజమే, దానికేం జరగలేదు. ఏమీ జరగకూడదనే కదా ఇంతదూరం వచ్చి, స్కూలు జోన్ చూసుకుని మరీ ఈ ఇల్లు కొన్నాం. కష్టం తెలియకుండా పెంచి, పదిహేడేళ్లొచ్చాక నువ్వు పడ్డ కష్టమేమిటో రాయమంటే అది మాత్రం ఎక్కణ్ణుంచి తెస్తుంది?

ఆగస్టు 16, శనివారం

పొద్దున కన్సల్టెంటుతో జూమ్. ప్యాకేజీ నాలుగు వేల డాలర్లు. లీడర్‌షిప్ ఏది, ఇంపాక్ట్ ఏది, నాన్‌ప్రాఫిట్ ఏమైనా పెట్టావా అని వరసగా అడిగింది. పిల్ల అన్నిటికీ తల అడ్డంగా ఊపింది. అడిగినదానికి ముక్తసరిగా ఒక్కో మాట.

సాయంత్రం కృష్ణాష్టమికి పిలిస్తే వెళ్లాం. అక్కడా ఇదే గోల. అరంగేట్రం గురించి రాయొద్దట. టిఫిన్ డబ్బాలో ఇడ్లీ చూసి క్లాసులో నవ్వారని రాయొద్దట. సెలవుల్లో నానమ్మగారి ఊరెళ్లి బడిపిల్లలకు ఇంగ్లీషు నేర్పానని అసలే రాయొద్దట. మన పిల్లలు అవన్నీ రాసి రాసి అరగదీసేశారు. ఇంకెవరో కాస్ట్‌కో సూపర్‌మార్కెట్‌కి వెళ్లడం గురించి రాసి ఐదు ఐవీ లీగ్ కాలేజీల్లో సీటు తెచ్చుకున్నారని ఎప్పటిదో 2016 నాటి ముచ్చట ఒకావిడ తీసింది. అది వినగానే ఇంకొకాయన, "అయితే మనవాడు వారం వారం పటేల్ బ్రదర్స్‌కి వస్తాడుగా" అన్నాడు. నవ్వారు గానీ, ఆయన నవ్వడానికి అన్నట్టు లేదు.

నేను ఎంసెట్ రాసినప్పుడు నువ్వెవరివని నన్నెవరూ అడగలేదు. ర్యాంకొచ్చింది, కౌన్సెలింగ్‌కి పిలిచారు, సీటిచ్చారు. ర్యాంకుకి దయాదాక్షిణ్యాలుండవు. కానీ నా జీవితకథ దిద్దిపెడతానని మా నాన్న దగ్గర డబ్బు వసూలు చేసినవాళ్లూ లేరు. ఇక్కడా ర్యాంకు లేకపోలేదు. యూటీ ఆస్టిన్‌లో క్లాసులో మొదటి 5 శాతంలో ఉన్న టెక్సస్ పిల్లలకు సీటు ఖాయం. పోయినేడు దాకా అది 6. మా స్కూల్లో ఆ 5 శాతం దగ్గర తొక్కిసలాటే. అందులో లేనివాళ్లు వ్యాసం మీద ఆశపెట్టుకోవాలి.

సెప్టెంబరు 7, ఆదివారం

మా ఆయన ఊరుకోలేక చాట్‌జీపీటీకి మా ఇంటి వివరాలు చెప్పి ఒక నమూనా రాయించారు. అత్తయ్య చేతుల మీది ముడతలు, ఊళ్లో మర్రిచెట్టు, పసుపు వాసన, చివర కన్నీళ్లు. "ఆ మర్రిచెట్టు ఎక్కడ నాన్నా?" అని అడిగింది పిల్ల. వాళ్ల ఊళ్లో ఉన్నదల్లా సర్కారు తుమ్మలే. ఏఐ చేత రాయించి తమదని పంపితే మోసంగా లెక్కిస్తామని కామన్ యాప్ నియమాల్లోనే ఉంది. అది చదివి వినిపించాక ఆయన ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

సెప్టెంబరు 13, శనివారం

నాకు లైబ్రరీలో మధ్యాహ్నం షిఫ్టు. జెరోమ్ కారబెల్ రాసిన 'ది చోజెన్' తెచ్చుకున్నాను. 2005 నాటి పుస్తకం, ఇటుకంత లావు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ ఒకప్పుడు ప్రధానంగా పరీక్ష మార్కులు చూసే చేర్చుకునేవట. మార్కుల మీద యూదుల పిల్లలు ఎక్కువమంది వచ్చేస్తున్నారని 1920లలో నడవడి, వ్యక్తిత్వం, ఫోటో, సిఫారసు లేఖలు అంటూ కొత్త జల్లెడ పట్టారు. 'నీ గురించి చెప్పు' అనే ఈ ముద్దుమాట వెనక ఉన్న చరిత్ర ఇది. ఆ జల్లెడే తర్వాత నల్లపిల్లలకు తలుపు తీయడానికీ పనికొచ్చింది. 2023 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు జాతి చూసి సీట్లివ్వడం కొట్టేసింది గానీ, జాతి వల్ల తన బతుకు ఎలా మారిందో విద్యార్థి వ్యాసంలో రాస్తే చదవొచ్చని ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ తీర్పులోనే రాశాడు. ఇక బరువంతా వచ్చి ఈ 650 పదాల నెత్తిన పడింది.

సెప్టెంబరు 21, ఆదివారం

ఇంగ్లీషు టీచరు శుక్రవారం పిల్లనొక ప్రశ్న అడిగిందట, "ఇంట్లో దేనిమీద పోట్లాడతావు?" అని. నాలుగు వేలూ ఆవిడకివ్వాల్సింది.

మా ఇంట్లో పోట్లాట గిన్నెలమీద. డిష్‌వాషర్ ఉంది, అందులో గిన్నెలు ఆరబెట్టుకుంటాం. జూన్ నీళ్ల బిల్లు చూసి ఆయన గొణిగితే పిల్ల ఎగిరింది, మిషన్ వాడితే నీళ్లు తగ్గుతాయని. కాదన్నాను. అప్పట్నుంచి వేసవంతా మాకు ఇదే రభస. పచ్చికలో మీటరు గుంత ఉంటుంది కదా, భోజనాలవగానే ఇనపమూత ఎత్తి, ఫోను లైటు వేసి, సాలెగూడు తుడిచి అంకెలు రాసుకుంటుంది. గిన్నెలయ్యాక మళ్లీ వెళ్లి రాసుకుంటుంది. ఈ మధ్యలో ఎవరూ బాత్రూముకి వెళ్లకూడదు. వాళ్ల నాన్న కాళ్లు ముడుచుకుని కూర్చున్న రోజులున్నాయి.

పంపు వదిలి నేను తోమితే పన్నెండు గ్యాలన్లు. మిషన్‌కి నాలుగులోపు. గెలిచానని గంతులేసింది. అప్పుడు అత్తయ్య, "నన్ను తోమనీవే" అన్నారు. ఆవిడ కనిగిరి వైపు పల్లెలో బిందెల లెక్కన నీళ్లు వాడిన మనిషి. రెండు టబ్బులు పెట్టారు. ఒకదాన్లో సబ్బు వదిలించి, రెండోదాన్లో జాడించి, ఆ జాడించిన నీళ్లే తర్వాతి వాయికి మొదటి టబ్బులో పోశారు. మూడు గ్యాలన్లు. పిల్ల నమ్మలేదు. గిన్నెలు లెక్కపెట్టింది, అవే గిన్నెలతో మళ్లీ తోమించింది. అంతే వచ్చింది. పైగా చివరి టబ్బు నీళ్లు అత్తయ్య కరివేపాకు కుండీలో పోస్తారు. ఆ నీళ్లు ఖర్చులో రాయాలా, తీసెయ్యాలా? దీనిమీద ఫోన్లో మా మరిదిగారి అబ్బాయితో అరగంట వాదించింది. కన్సల్టెంటు ముందు నోరు పెగలని పిల్ల ఇదేనా అనుకున్నాను.

టీచరుకి ఇదే చెబితే, "రాయి" అందట.

అక్టోబరు 5, ఆదివారం

మొదటి ప్రతి కన్సల్టెంటు చూసింది. చివర్లో ప్రపంచ నీటి ఎద్దడి గురించి ఒక పేరా, దాన్ని పరిష్కరించాలన్న జీవితాశయం ఇంకో పేరా చేర్చమంది. చేర్చింది. ఆ రెండు పేరాల్లో మా పిల్ల లేదు. చదువుతుంటే బుర్రకథలో వంత పాడినట్టుంది. నేనేమీ అనలేదు. రాత్రి తనే కొట్టేసి, ఆ చోట కుండీ నీళ్ల లెక్క పెట్టుకుంది. తేలలేదని రాసింది, అలాగే వదిలేసింది. నాకు ఈ వ్యాసంలో నచ్చింది అదే.

ప్యాకేజీలో మిగిలిన సెషన్లు వద్దన్నాం. డబ్బు వెనక్కిరాదు.

నవంబరు 1, శనివారం

పంపేసింది. 638 పదాలు. అత్తయ్యకు తెలుగులో చెబితే ఆవిడ, "గిన్నెల సంగతి చదివి కాలేజీలో సీటెందుకిస్తారే? వాళ్లకు పనేం లేదా?" అన్నారు. నాకూ తెలియదు. ఇవ్వకపోతే ఇవ్వరు. కానీ అందులో ఉన్నది మా అమ్మాయే, ఇంకెవరి పిల్లా కాదు. ఆ మాట ఏ కాలేజీ కాదన్నా మారదు.

జనవరి 1 లోపు ఇంకా ఐదు కాలేజీల సప్లిమెంట్ వ్యాసాలున్నాయి. ఒకదాన్లో మా కాలేజీయే ఎందుకు అని 150 పదాల్లో చెప్పాలి.