నెల్లిమర్లలో నొక నట్టు కొరకు



యుద్ధమధ్యమున దశరథుని రథపు టిరుసు శీల ఊడిపోగా, కైక తన వ్రేలిని అచ్చట నుంచి రథమును నిలిపినదని పౌరాణికులు చెప్పుదురు. ఆ శీల వెల కాసంతయు నుండదు. దానికి బదులుగ లభించిన వరములు మాత్రము రాజ్యమునే తలక్రిందులు చేసినవి. బండి యెంత గొప్పదైనను దాని నిలుకడ చిన్న వస్తువులయందే యున్నది. ఈ సంగతి మాకు నెల్లిమర్లలో అనుభవమునకు వచ్చినది.

విజయనగరమునకు సుమారు 10 కిలోమీటర్ల దూరమున, చంపావతీ నది యొడ్డున నున్నదీ యూరు. రామతీర్థమునకు పోవు యాత్రికులు దీనిని దారిలోని యూరుగ నెరుగుదురు. తక్కినవారు జనపనార మిల్లు గల యూరుగ నెరుగుదురు. ఆ మిల్లు పలుమారులు మూతపడి మరల తెరువబడినది. అయినను యంత్రముల నడుమ పెరిగిన యూరగుటచే, ఇనుము పని తెలిసిన చేతు లిచ్చట నున్నవి.

మా యింట నొక పాత చేతక్ స్కూటరు కలదు. రాణా ప్రతాపుని గుఱ్ఱపు పేరిట బజాజు వారు 1972లో దీనిని వెలువరించిరి. ఒకప్పుడు దీనికై సొమ్ము కట్టి జనులు ఏండ్ల తరబడి వేచియుండిరి. 2009లో ఆ కంపెనీవారు స్కూటర్ల నిర్మాణము మానుదుమని ప్రకటించిరి. 2020లో అదే పేరుతో విద్యుత్తు బండి వచ్చినది గాని, దాని భాగములు దీనికి పనికిరావు. మా వారు బడికి పోయి వచ్చుట కీ పాత బండియే ఆధారము.

ఇంజను తలపై నుండు నాలుగు నట్లలో నొకటి యొకనాడు దారిలో ఊడిపోయినది. అంతట సందులనుండి గాలి వెడలి, బండి ఫటఫటమని చప్పుడు చేయుచు ముందుకు సాగదయ్యెను.

మేమిరువురమును విజయనగరమునకు పోయి, గంటస్తంభము పరిసరములందలి దుకాణములలో వెదకితిమి. ఎచ్చట జూచినను 6 మిల్లీమీటర్లది, లేకున్న 8 మిల్లీమీటర్లది. మాకు కావలసినది 7. చేతక్కునకు మూలమైన ఇటలీ దేశపు వెస్పా యందు ఆ కొలతను వాడిరి. ఇతరత్ర దాని వాడుక తక్కువ. చిన్న నట్టు ఎక్కనే ఎక్కదు. పెద్దది వదులై మర పట్టదు. ఒక దుకాణదారుడు, "8 వేసి గట్టిగా బిగించేయండి మేష్టారూ, లేదంటే బండిని తూకానికి ఇచ్చేయండి" అనెను. బలవంతముగ బిగించినచో లోని స్టడ్డు మర చెడి, నట్టుతో పోవు నష్టము ఇంజనుకు తగులును. కనుక ఆ మాట వినక వెనుదిరిగితిమి.

పట్టణమున దొరకనిది నెల్లిమర్లలోని యొక లేతు పనివాని చేత లభించినది. అతడు మొదట అడిగినది, "నమూనా తెచ్చారా అమ్మా?" అని. మిగిలిన మూడు నట్లలో నొకదానిని చూపితిని. అతడు ఆరు పలకల కడ్డీనుండి ముక్క కోసి, 6 మిల్లీమీటర్ల రంధ్రము తొలిచి, 7 మిల్లీమీటర్ల ట్యాపుతో మర కోసెను. ముందుకొక చుట్టు, వెనుకకు సగము చుట్టు, నడుమ చుక్క నూనె! తొందర యెచ్చటను లేదు. తరువాత నాలుగు నట్లను మూల కెదురు మూలగ, కొంచెము కొంచెముగ పానాతో బిగించెను. ఒక మూలనే పూర్తిగ బిగించినచో తల వంకరపోవునట. కిక్కు కొట్టగనే బండి మునుపటివలె పలికినది.

పోపులపెట్టెలో ఆవాలను, జీలకర్రను వేరువేరు గిన్నెలలో నుంచు మనకు ఈ విద్య క్రొత్తది గాదు. పాత బండి యున్న యింట నొక డబ్బా యుంచి, విప్పిన నట్లను, బోల్టులను కొలత వ్రాసిన పొట్లములలో దాచవలెను. దుకాణమునకు పోవునపుడు నమూనాను వెంట గొనిపోవలెను. ఆ డబ్బాలోని ముక్కలకు బజారున వెల లేకపోవచ్చును. అవి లేనినాడు బండి యంతయు తూకపు టినుమే యగును.