లంకలో నల్లరాయి

మన కోనసీమలో పిట్టను కొట్టుటకైనను రాయి దొరకదు. ఎంత త్రవ్వినను ఒండ్రు, ఇసుక, నీరు. నా తల్లి రుబ్బురోలు సయితము ఏరు దాటి వచ్చినదే. మా మందిరపు పునాదికి గౌరీపట్నం క్వారీనుండి నల్లరాయి లారీలో తెప్పించితిమి.

రాళ్లు దించుచుండగా పదవ తరగతి కుర్రవాడొకడు ఒక ముక్కను నాకు చూపి, "అయ్యగారూ, దీనికి ఈ చిల్లులెందుకు వచ్చాయండీ?" అని అడిగెను.

"దేవుడట్లే చేసినాడురా, పని చూడు" అంటిని.

వాడు మారు పలుకలేదు. తరువాత రెండు ఆదివారములు గుడికి రాలేదు. నాకు ఆ సంగతి తెలియదు. తెలియదనుటకు సిగ్గుపడి దేవుని పేరు అడ్డుపెట్టుకొంటిని. ముప్పది యేండ్లు ప్రసంగములు చేసినవాడను, ఒక పిల్లవాని ప్రశ్నకు తలుపు మూసితిని!

క్వారీకి పోయి చూచితిని, పుస్తకములు తెప్పించి చదివితిని. భూమి లోపల శిల కరిగినప్పుడు చుట్టునున్న రాతికంటె తేలికయగును. పగుళ్లు వెదకుకొనుచు పైకి ఎగబ్రాకును. లోతుననే నిలిచిపోయినచో వేల, లక్షల యేండ్లు పట్టి చల్లారును, పలుకులు పెద్దవై కంటికి కానవచ్చును, గ్రానైటు అట్టిదే. నేలమీదికి పొర్లినచో త్వరగా గడ్డకట్టును, పలుకు కంటికి ఆనదు. అదే బసాల్టు, మన నల్లరాయి. లోని వాయువులు బుడగలై లేచుచుండగానే బిగిసినచో ఆ చిల్లులు అట్లే నిలిచిపోవును. అట్ల పిండిని చూచిన ఏ తల్లియైనను చెప్పగలిగిన జవాబు!

ఈ రాయి ఇచ్చట పుట్టినది కాదట. సుమారు ఆరున్నర కోట్ల సంవత్సరముల క్రిందట పడమటి దక్కనులో పొంగిన లావా పాత నదుల లోయలవెంట దాదాపు వెయ్యి కిలోమీటర్లు ప్రవహించి రాజమహేంద్రవరపు సీమను చేరెనని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయము. పాలమీద మీగడవలె పైపొర గట్టిపడి కప్పియుండుటచేత లోపలిది చల్లారక సాగినది. అదియు ఒక్కమారు కాదు. కాతేరు దగ్గర రెండు నల్లపొరల నడుమ సున్నపురాయి కలదు. అందులో గుల్లలు, నత్తలు.

మరియొక సంగతి నన్ను నిలువున ఆపినది. గ్యాసుకొరకు రాజోలు ప్రాంతమున వేసిన లోతైన బోరులలో ఆ నల్లరాయియే తగిలినది. తీరము క్రుంగగా గోదావరి ఒండ్రు దానిమీద పొరలు పొరలుగా పేరుకొన్నది. భూగర్భ శాస్త్రమున ఆ పొరకు రాజోలు పేరే పెట్టిరి. రాయి లేదనుకొన్న మన కొబ్బరితోటలక్రిందనే, వేల మీటర్ల లోతున, అది యున్నది.

వాని ఇంటికి పోయి, "నాయనా, ఆనాడు నాకు తెలియక అట్లంటిని" అని, తెలిసికొన్నదంతయు చెప్పితిని. వాడు చూరులోనుండి ఆ చిల్లుల రాయి తీసెను. పారవేయలేదు!

"రెండు లావాల మధ్య ఆ నత్తలు బతికే ఉన్నాయాండీ?"

"బ్రతికినవేరా. మొదటిది చల్లారినపిమ్మట నీరు వచ్చినది, నీటితో అవియు వచ్చినవి."

ఆ ముక్కను గోడలో, సున్నము పూయకుండ, కానవచ్చునట్లు పెట్టుమని తాపీమేస్త్రితో చెప్పితిని. వంకర రాయి అని గొణిగెను గాని పెట్టెను. గుమ్మమునకు కుడివైపున, పిల్లల చేతికి అందునంత ఎత్తున యున్నది.