కాళ్ళ కింద పూలు

ఇంట్లో గోడల్ని చూస్తాం. పైకప్పు వంక ఎప్పుడో ఫ్యాను ఆగిపోయినప్పుడు చూస్తాం. నేలని మాత్రం పొద్దున్న లేచింది మొదలు ముట్టుకుంటూనే ఉంటాం. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికొచ్చే అలవాటు మనది. కింద కూర్చుని కూరలు తరుగుతాం, పిల్లల్ని నేల మీదే దొర్లనిస్తాం, ఎండాకాలం మధ్యాహ్నం చాపైనా పరవకుండా నడుం వాలుస్తాం. అలాంటివాళ్ళం ఇల్లు కట్టేటప్పుడు ఆలోచనంతా గోడ రంగులకీ ఫాల్స్ సీలింగుకీ పెట్టి, నేల దగ్గరికొచ్చేసరికి షాపులో మొదట చూపించిన తెల్లటి టైలుకి తలూపేస్తాం. నాకది బాధగా ఉంటుంది.

మన పాత ఇళ్ళకు రకరకాల నేలలుండేవి. పేడతో అలికిన మట్టి నేల, సున్నపు గచ్చు, తాండూరు బండలు, బేతంచెర్ల నాపరాళ్ళు, అద్దంలా మెరిసే ఎర్ర ఆక్సైడ్ గచ్చు, ఆ తర్వాత మొజాయిక్. వీటి నడుమ కాస్త కలిగినవాళ్ళ ఇళ్ళల్లో, ముఖ్యంగా ముందు వసారాలోనూ హాల్లోనూ, పూల సిమెంటు టైల్స్ కనిపించేవి. ముదురు ఎరుపు, ఆవపిండి పసుపు, నలుపు, పాలిపోయిన తెలుపు. ఈ నాలుగు రంగులతోనే నక్షత్రాలు, ఎనిమిది రేకుల పూలు, మెలికలు తిరిగే తీగలు. రోజూ వాకిట్లో చుక్కలు పెట్టి గీతలు కలిపే ఇంట్లో పుట్టిన కంటికి ఈ లెక్క వెంటనే అందుతుంది. ఎక్కడ మొదలై ఎక్కడ తిరిగి కలుస్తుందో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇప్పుడు డిజైనర్లు వీటిని ఎన్‌కాస్టిక్ టైల్స్ అంటున్నారు. అసలు ఎన్‌కాస్టిక్ టైలు వేరు. మధ్యయుగాల ఇంగ్లండులో మట్టి పలక మీద అచ్చుతో గుంటలు వేసి, వాటిలో మరో రంగు మట్టి నింపి బట్టీలో కాల్చేవారు. లండన్ వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో అలాంటి 13వ శతాబ్దపు నేల ఇంకా ఉంది. 19వ శతాబ్దంలో మింటన్ కంపెనీ ఆ విద్యని తిరిగి లేపి, బ్రిటిష్ పార్లమెంటు భవనానికీ అమెరికా కాపిటల్ భవనానికీ టైల్స్ చేసిచ్చింది. నిప్పు అక్కర్లేకుండా, రంగు కలిపిన సిమెంటుని హైడ్రాలిక్ ప్రెస్సు కింద నొక్కి చేసే పద్ధతి ఆ తర్వాత వచ్చింది. బార్సిలోనా కంపెనీ ఒకటి 1867లో ప్యారిస్ ప్రదర్శనలో అలాంటి టైల్స్ పెట్టింది. మన దేశంలో 1922లో ముంబయిలో సిధ్వా కుటుంబం స్వదేశీ స్ఫూర్తితో ఇలాంటి సిమెంటు టైల్స్ చేసే భారత్ ఫ్లోరింగ్స్ కంపెనీ మొదలుపెట్టింది. మట్టిదైనా సిమెంటుదైనా ఒక గుణం మాత్రం ఉమ్మడి: పువ్వు పైన పూసిన రంగు కాదు. టైలు ఒంట్లోకే కొన్ని మిల్లీమీటర్ల లోతున దిగి ఉంటుంది. ఏళ్ళ తరబడి నడిచినా రేకులు చెరిగిపోవు.

ఈ పని మనకు దగ్గర్లోనే చేత్తో చేస్తున్నారు. తమిళనాడు శివగంగ జిల్లాలో, కారైక్కుడి పక్కన, ఆత్తంగుడి అని ఓ ఊరు. బర్మా, మలయా, సింహళాల్లో వడ్డీ వ్యాపారం చేసిన నాట్టుకోట్టై చెట్టియార్లు ఆ చుట్టుపక్కల వీధి నుంచి వీధి దాకా సాగే భవంతులు కట్టారు. టేకు బర్మా నుంచి, పాలరాయి ఇటలీ నుంచి తెప్పించుకున్నవాళ్ళు, చాలా గదులకి మాత్రం ఈ ఊరి టైలే పరిపించారు.

అక్కడ ప్రెస్సు లేదు, బట్టీ లేదు. టైలంత గాజు పలక ఒకటి, దాని చుట్టూ ఇనుప చట్రం. చట్రంలో డిజైను గీతల వెంట వంచిన సన్నటి రేకుల అచ్చు పెడతారు. ఒక్కో గడిలోకి ఒక్కో రంగు సిమెంటు జావని చిన్న గరిటెతో పోస్తాడు పనివాడు. పోసి, అచ్చుని నిట్టనిలువుగా పైకి తీస్తాడు. ఆ క్షణంలో చెయ్యి వణికిందా, ఎరుపు పోయి పసుపులో కలుస్తుంది. వణక్కపోతే రంగులు పక్కపక్కనే నిలబడి, హద్దు దగ్గర వెంట్రుకవాసి మాత్రం ఒరుసుకుంటాయి. చేతిపనికి గుర్తు ఆ వెంట్రుకవాసి తేడాయే. ఆ పైన పొడి సిమెంటు, ఇసుక చల్లితే తడి పీల్చుకుంటుంది. దాని మీద తడి మాలు నింపి తాపీతో చదును చేస్తారు. అంటే పువ్వు అడుగున, గాజుకి మొహం ఆనించి, బోర్లా పడుకుని ఉందన్నమాట. గట్టిపడ్డాక నీళ్ళ తొట్టిలో నాననిచ్చి ఎండబెడితే గాజు విడివడుతుంది. గాజు నునుపంతా టైలు మొహానికి వచ్చేస్తుంది. దీనికి పాలిష్ మిషను పని లేదు. ఇంట్లోవాళ్ళ పాదాలూ, రోజూ పెట్టే తడిగుడ్డా మిగతా మెరుపు తెస్తాయి. చాలా నేలలు వేసిననాడే అందంగా ఉంటాయి. ఇది వాడినకొద్దీ అందగిస్తుంది. నేనీ టైలుని ఇష్టపడటానికి మొదటి కారణం అదే.

రెండో కారణం దాని తిరుగుడు. చాలా డిజైన్లలో ఒక టైలు మీద పావు పువ్వే ఉంటుంది. నాలుగు కలిస్తేగాని పువ్వు పూర్తి కాదు. అవే నాలుగింటిని ఒక్కో మలుపు తిప్పి పెడితే పువ్వు పోయి గొలుసు వస్తుంది. అందుకే మేస్త్రీ మాలు కలపకముందే టైల్స్‌ని ఉత్త నేల మీద పరిపించి చూడండి. నిలబడి చూడండి, గుమ్మంలోంచి చూడండి, పిల్లల్ని అడగండి. ఆ గంట పని తర్వాత ముప్ఫై ఏళ్ళు కళ్ళెదుట ఉంటుంది.

ఇల్లంతా పూలు పరవమని మాత్రం అనను. నాలుగు గదుల్లో నాలుగు డిజైన్లు వేస్తే కంటికి విశ్రాంతి ఉండదు. వసారాకో, పూజగది ముందుకో, ఉయ్యాల బల్ల కిందకో, మెట్ల మొదట్లో ఆగే చోటుకో సరిపెట్టి, తక్కిన ఇంటికి తాండూరు రాయో ఎర్ర గచ్చో వేస్తే రెండూ వెలుగుతాయి. పూలున్నచోట చుట్టూ బార్డరు తప్పనిసరి. అంచు లేని పట్టుచీర ఎంత ఖరీదైనా ఎలా వెలితిగా ఉంటుందో, బార్డరు లేని పూల నేలా అంతే. గది కొలతకి బార్డరు సరిపోకపోతే గోడ వారన సాదా టైలు వరస వేసి సర్దాలి గాని, పువ్వుని సగానికి కోయించకూడదు.

వంటింట్లో వద్దు. సిమెంటుకి పులుపు పడదు. చింతపండు పులుసు, నిమ్మరసం ఒలికి కాసేపు ఉంటే అక్కడ మచ్చ తేలుతుంది. బాత్‌రూమ్ కడిగే యాసిడ్ తగిలితే రంగు పొరే తినేస్తుంది. పూజ దగ్గర పసుపు, కుంకుమ తడిగా పడితే వెంటనే తుడవాలి. ఇల్లు రంగులేసేటప్పుడు టైల్స్ మీద మందంగా ఏదైనా కప్పించండి. పెయింటు చుక్కని తర్వాత గీకితే నునుపు పోతుంది. మామూలు రోజుల్లో మంచినీళ్ళు చాలు, ఎప్పుడన్నా నాలుగు చుక్కల కొబ్బరినూనె గుడ్డకి రాసి తుడిస్తే సరి.

అదే డిజైను ప్రింటు చేసిన, గుజరాత్‌లోని మోర్బీ నుంచి వచ్చే సిరామిక్ టైల్స్ ఇప్పుడు ఎక్కడైనా దొరుకుతున్నాయి. మచ్చ పడవు, తేలిగ్గా తుడుచుకోవచ్చు. వంటింటికి, బాత్‌రూముకి నేనూ వాటినే సిఫారసు చేస్తాను. వసారాకి మాత్రం చేత్తో పోసిన టైలే వేయించండి. ప్రింటు టైలు వేసిన రోజున ఎలా ఉందో పదేళ్ళకీ అలాగే ఉంటుంది, మన ఇంటి వాడకం దాని మీద ఏమీ రాయదు.

ఇక పాత ఇల్లు పడగొట్టించే ఆలోచనలో ఉన్నవాళ్ళకి ఒక విన్నపం. కాంట్రాక్టరు జేసీబీ పంపించకముందు ఒక్కసారి నేల కడిగించి చూడండి. దుమ్ము కింద పూల టైల్స్ ఉంటే తెలిసిన మేస్త్రీని పిలవండి. సున్నపు మాలు మీద వేసినవైతే గోడవారనుంచి ఉలి పెట్టి ఓపిగ్గా లేపితే చాలావరకు పగలకుండా వస్తాయి. వెనక మాలు గీకి, కడిగి, నిలువుగా పేర్చి పెట్టుకోండి. కొత్త ఇంట్లో వసారాకి చాలకపోయినా పూజగది ముందుకి సరిపోతాయి.