ముందు వెళ్లినవాళ్లు చూపాల్సిన జాగా

ఈ జనవరిలో మేడారం జాతరకు మావాళ్లు ఎప్పటిలాగే నార్లాపూర్ వైపు చెట్ల కింద దిగారు. సారలమ్మ బుధవారం గద్దెకు వస్తుంది, సమ్మక్క గురువారం. కానీ మా ఇంటి మగవాళ్లు ఒకరిద్దరు రెండు రోజులు ముందే వంటసామాను, టార్పాలిన్లు ట్రాక్టర్‌లో వేసుకుని పస్రా, తాడ్వాయి మీదుగా అడవిలోకి వెళ్లిపోతారు. జంపన్నవాగుకు మరీ దూరం కాకుండా, బండ్ల దుమ్ము మీద పడకుండా చూసి, నాలుగు గుంజలు పాతి జాగా ఆపుతారు. జాతర జరిగే నాలుగు రోజులు చుట్టుపక్కల ఊళ్లలో గది కిరాయి ఆకాశాన్నంటుతుంది. అందుకే ముందు వెళ్లే మనిషి మా కుటుంబాల్లో తప్పనిసరి. వెనక వచ్చే ముసలివాళ్లకు, పిల్లల తల్లులకు నీళ్లెక్కడో పొయ్యెక్కడో అతనే చూపిస్తాడు.

ఆ గుడారంలోనే వరసకు అక్క అయ్యే ఒకామె నన్నడిగింది: “తమ్మీ, మా పిలగాడు సెప్టెంబర్ల లండన్ పోతడట. వీసాకు పైసలు సూపెట్టాలన్నరు, జమ జేసినం. మరి ఉండనీకి ఇల్లెట్ల దొరుకుతది?”

చాలా ఏళ్లుగా లండన్‌లో ఉంటున్న నన్ను ఫీజుల గురించి, ఉద్యోగాల గురించి అడిగేవాళ్లు ఎందరో. ఇంటి సంగతి అడిగేవాళ్లు తక్కువ. పిల్లల మొదటి కష్టం మాత్రం అక్కడే మొదలవుతుంది.

లండన్‌లో చదివే విద్యార్థి ఫీజు కాక నెలకు 1,529 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలల ఖర్చు, అంటే 13,761 పౌండ్లు, వీసాకు చూపించాలి. అంత సొమ్ము చూపినా ఇల్లు సులువుగా దొరకదు. కిరాయికి ఇచ్చేవాళ్లు జీతం స్లిప్పులు, పాత ఓనర్ ఇచ్చిన మాట, కిరాయికి పూచీపడేందుకు బ్రిటన్‌లోనే స్థిరపడిన గ్యారంటార్ కావాలంటారు. నిన్న విమానం దిగిన పిల్లవాడికి ఈ మూడూ ఉండవు. “అయితే ఆరు నెలల కిరాయి ముందే కట్టు” అని అడగడం ఇన్నాళ్లూ మామూలైపోయింది. నెలకు 800 పౌండ్ల గదికి అది 4,800 పౌండ్లు. ఊళ్లో పొలం తాకట్టు పెట్టి పంపిన ఇంటికి అదెంత బరువో నాకు తెలుసు.

2025 అక్టోబరులో ఆమోదం పొందిన రెంటర్స్ రైట్స్ చట్టంతో ఈ పద్ధతి మారుతోంది. ఇంగ్లండ్‌లో 2026 మే 1 నుంచి ప్రైవేటు కిరాయి ఇళ్లకు ఒక నెలకు మించి అడ్వాన్సు కిరాయి అడగకూడదు. ప్రకటించిన కిరాయి కన్నా ఎక్కువ ఇస్తామన్నా ఓనర్ తీసుకోకూడదు. విద్యార్థుల కోసమే కట్టిన పెద్ద హాస్టళ్లలో చాలావాటికి ఈ నిబంధనలు వర్తించవు కాబట్టి అక్కడి ఒప్పందాన్ని విడిగా చదువుకోవాలి.

డిపాజిట్ సంగతి ప్రతి తల్లిదండ్రీ తెలుసుకోవాలి. 2019 నాటి టెనెంట్ ఫీజ్ చట్టం ప్రకారం మామూలు ఇళ్లకు ఐదు వారాల కిరాయికి మించి డిపాజిట్ తీసుకోకూడదు. 800 పౌండ్ల గదికి అది సుమారు 923 పౌండ్లు. గది మనకోసం ఆపి ఉంచడానికి ఒక వారం కిరాయికి మించి అడగకూడదు. తీసుకున్న డిపాజిట్‌ను 30 రోజుల్లోగా ప్రభుత్వ ఆమోదం ఉన్న పథకంలో పెట్టి ఆ వివరాలు ఇవ్వాలి. అలాంటివి మూడున్నాయి: డిపాజిట్ ప్రొటెక్షన్ సర్వీస్, మైడిపాజిట్స్, టెనెన్సీ డిపాజిట్ స్కీమ్. ఖాళీ చేసేటప్పుడు గొడవ వస్తే వాళ్లే ఉచితంగా తీర్పు చెబుతారు. దిగిన రోజే గోడల మరకలు, పరుపు, మీటర్ రీడింగు ఫోటోలు తీసి ఓనర్‌కు మెయిల్ చేసి ఉంచితే ఆ తీర్పులో అవే సాక్ష్యం. ఓనర్ కూడా అదే ఇంట్లో ఉంటే మాత్రం మన పిల్లవాడు లాడ్జర్ కిందికి వస్తాడు, అప్పుడు ఈ డిపాజిట్ రక్షణ ఉండదు.

ఇక చెప్పడానికి బాధగా ఉన్న మాట. ఈస్ట్‌హామ్‌లోనో లూటన్‌లోనో కొత్తగా దిగిన మన పిల్లలను ఇరుకు ఇళ్లలో కుక్కేది చాలాసార్లు మనవాళ్లే. ఒకరు ఇల్లు తీసుకుంటారు, ఓనర్‌కు తెలియకుండా మంచానికింత అని పదిమందిని చేర్చుకుంటారు. కిరాయి చేతికే, ఒప్పంద పత్రం ఉండదు. చిరునామాకు ఆధారం అడిగితే చూపడానికి కాగితం ఉండదు. ఓనర్‌కు తెలిసిన రోజున అందరూ సామానుతో రోడ్డు మీద పడతారు. వేర్వేరు కుటుంబాల వాళ్లు ఐదుగురు గానీ అంతకు మించి గానీ కలిసి ఉండే ఇంటికి కౌన్సిల్ లైసెన్సు తప్పనిసరి. అలాంటి ఇంట్లో ఒకరు పడుకునే గది 6.51 చదరపు మీటర్లకు, ఇద్దరుండే గది 10.22కు తగ్గకూడదు. లైసెన్సు లేకుండా నడిపితే కట్టిన కిరాయి వెనక్కి ఇప్పించమని ట్రైబ్యునల్‌ను అడగవచ్చు. ఈ సంగతి ఆ ఇళ్లలో ఉండేవాళ్లకు ఎవరూ చెప్పరు. అందరూ ఫుల్‌టైమ్ విద్యార్థులైన ఇంటికి కౌన్సిల్ ట్యాక్స్ ఉండదనీ, చదువైపోయి గ్రాడ్యుయేట్ వీసా మీద ఉన్నవాళ్లు ఒక్కరు చేరినా బిల్లు వస్తుందనీ కూడా చెప్పరు.

మొదట వచ్చినవాడు అప్పట్లో తాను పడ్డ ఇబ్బందిని తర్వాతివాడి దగ్గర వసూలు చేసుకోవడం న్యాయం కాదు. మన ఊరివాడనే నమ్మకంతోనే ఆ పిల్లవాడు రసీదు అడగకుండా డబ్బు చేతిలో పెడతాడు. ఆ నమ్మకాన్ని వ్యాపారం చేయడం కన్నా పెద్ద ద్రోహం లేదు.

అక్కకు నేను చెప్పింది ఇదే. ఫోటోలు చూసి ఊరి నుంచి పైసా పంపవద్దు. మొదటి రెండు మూడు వారాలకు యూనివర్సిటీ గదో, నమ్మకమైన తాత్కాలిక బసో చూసుకోవాలి. కొన్ని యూనివర్సిటీలు తామే గ్యారంటార్‌గా నిలబడతాయి, ఆ దరఖాస్తు ముందే పెట్టించాలి. ఇల్లు చూడకుండా సంతకం చేయకూడదు.

లండన్‌లో ఉంటున్న మనకు చెప్పేది కూడా ఒకటుంది. గ్యారంటార్‌గా సంతకం పెట్టడం చిన్న విషయం కాదు. కిరాయి ఆగితే మనం కట్టాలి, ఉమ్మడి ఒప్పందమైతే తోటివాళ్ల బాకీ కూడా మీద పడవచ్చు. అందరూ ఆ బరువు మోయలేరు. కానీ ఒక సాయంత్రం వెళ్లి ఆ ఇల్లు చూసి రావడం అందరికీ సాధ్యమే. తలుపు నిజంగా తెరుచుకుంటుందా, గోడకు బూజు ఉందా, ఎంతమంది ఉంటున్నారు, ఓనర్ ఎవరు, డిపాజిట్ ఏ పథకంలో పెడతారు: ఈ ఐదు ప్రశ్నలు అడిగి ఫోన్ చేస్తే చాలు, ఒక కుటుంబం అప్పు చేసి తెచ్చిన డబ్బు నిలబడుతుంది. సెప్టెంబరులో వచ్చే పిల్లల్లో కనీసం ఒక్కరికి ఆ పని చేసిపెడదాం.