ఆ ఫ్యాక్టరీ అక్కడే ఉంటుందా?

పెళ్లిచూపుల్లో ఏమడుగుతారో నాకు కొత్తేం కాదు. జీతమెంత, పొలమెంత, ఆడపడుచులెందరు, అబ్బాయికి అలవాట్లేమన్నా ఉన్నాయా... మా కాలం నుంచీ ఇవే కదా. 2025 మే నెలలో మా అక్క కొడుక్కి అమ్మాయిని చూడటానికి ఒంగోలు వెళ్లినప్పుడు మాత్రం ఇదివరకెప్పుడూ వినని ప్రశ్న విన్నాను.

మా అక్కావాళ్లది పర్చూరు దగ్గర పల్లె. రెండెకరాలు సొంతం, నాలుగెకరాలు కౌలు. ఒక ఏడు పత్తి, ఒక ఏడు మిర్చి. ఆ ఏడు మిర్చి ధర ఎలా పడిపోయిందో మన వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. కేంద్రం క్వింటాలు 11,781 రూపాయలని ప్రకటించినా, కోత కూలీలు, మందుల బాకీలు లెక్కేసుకుంటే మిగిలేదేమీ లేదు. మా బావగారు టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో పెట్టి, ధర ఎప్పుడు లేస్తుందా అని కూర్చున్నారు. ఆ ఇంటికి నెలనెలా ఠంచనుగా వచ్చే డబ్బు మావాడి జీతం ఒక్కటే. వాడు డిప్లొమాలో మెకానికల్ చదివి, పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో చేరి నాలుగేళ్లయింది. ఆ భాగాలు పక్కనే ఉన్న కియా ఫ్యాక్టరీకి వెళ్తాయి.

బూందీ, జంతికలు తిన్నాం, కాఫీలు తాగాం. అమ్మాయి బీకాం చదివింది, నెమ్మదిగా ఉంది, మా అక్కకు నచ్చేసింది. ఇక ముహూర్తాల మాట వస్తుందనుకుంటుంటే అమ్మాయి నాన్నగారు మావాడి వైపు తిరిగి, "అంతా బాగుంది బాబూ. ఆ ఫ్యాక్టరీ అక్కడే ఉంటుందా?" అన్నారు.

అందరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

ఆయన భయం ఊరికే కాదు. పాతికేళ్లు ఒక స్పిన్నింగ్ మిల్లులో సూపర్‌వైజరుగా చేశారట. ఆ మిల్లు మూతపడ్డాక ఏడాదిన్నర ఇంట్లో కూర్చున్నారు. ఆ తర్వాత ఎరువుల కొట్లో లెక్కలు రాసి పిల్లల్ని చదివించారు. "పొలం ఎండితే మళ్లీ వానొస్తుందని చూస్తాం. మిల్లు మూస్తే ఎవరికోసం చూస్తాం?" అన్నారు. పైగా 2020 ఫిబ్రవరిలో కియా తమిళనాడుకు తరలిపోవచ్చని రాయిటర్స్ రాసిన వార్త ఆయనకు గుర్తుంది. కంపెనీ కాదంది, ప్రభుత్వమూ కాదంది, ఫ్యాక్టరీ కదలనూ లేదు. కానీ ఒకసారి విన్న మాట ఆడపిల్ల తండ్రి మనసులో ఉండిపోతుంది.

ఇంతలో మా బావగారి బాబాయి అందుకున్నారు. ఆయనకు ఎవరి పెళ్లయినా ఉపన్యాసం ఉండాల్సిందే. "అందుకే పరాయి దేశం కంపెనీల్ని నమ్మకూడదంటాను. మన అంబాసిడర్ ఉండేది చూడు, మన కారు! ఎక్కడికీ పోయేది కాదు."

మావాడు మెల్లిగా, "అదీ మొదట ఇంగ్లండు వాళ్ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారే కదా తాతయ్యా. ఇక్కడికొచ్చి మనదైంది. బెంగాల్‌లో ఉత్తరపార ఫ్యాక్టరీలో 2014లో అదీ ఆగిపోయింది" అన్నాడు. పెద్దాయన కాఫీ కప్పు వెతుక్కున్నారు.

మా ఆయన ఊరుకోవచ్చు కదా! ఫోర్డు సంగతి తీశారు. చెన్నై దగ్గర మరైమలై నగర్‌లో ఫోర్డు వాళ్లు ఎకోస్పోర్ట్ అనే కారు తయారుచేసేవారు. 2018 నుంచి అదే కారు ఓడెక్కి అమెరికాకు కూడా వెళ్లేది. అమెరికా కంపెనీ, అమెరికాలో అమ్మే కారు, తయారీ మాత్రం మన పక్క రాష్ట్రంలో. మా కార్లు మా దేశంలో కాకుండా పరాయి దేశంలో తయారవడమేమిటని అక్కడి కార్మికులు దశాబ్దాలుగా అడుగుతున్నారు. 2025 ఏప్రిల్‌లో ట్రంప్ బయటి కార్ల మీద 25 శాతం సుంకం వేసిందీ ఆ పేరు చెప్పే. ఇక ఇక్కడ చూస్తే, 2021 సెప్టెంబరు 9న ఫోర్డు మన దేశంలో తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. పదేళ్లలో 200 కోట్ల డాలర్లకు పైగా నష్టమొచ్చిందని చెప్పింది. దాదాపు 4,000 మంది ఉద్యోగుల మీద ఆ దెబ్బ పడింది. 2022లో చెన్నై ప్లాంటులో పరిహారం కోసం కార్మికులు సమ్మె చేశారు. అదే ఏడాది అక్కడ కార్ల తయారీ ఆగింది.

మా అక్క ఆయన వైపు చూసిన చూపుకి నాకు నవ్వాగలేదు. సంబంధం కుదర్చడానికి తీసుకొచ్చింది చెడగొట్టడానికా అన్నట్టుంది!

అప్పుడు మావాడు అమ్మాయి నాన్నగారికి కుర్చీ దగ్గరగా జరుపుకుని చెప్పడం మొదలుపెట్టాడు. "ఉంటుందని నేను మాటివ్వలేనండీ. నాకు తెలిసింది చెప్తాను. కూలి తక్కువని వచ్చిన ఫ్యాక్టరీ, ఇంకోచోట ఇంకా తక్కువంటే పోతుంది. కొనేవాళ్లున్నారని వచ్చింది అంత తొందరగా కదలదు. తయారైన కారు బయటి నుంచి తెచ్చుకుంటే మన దేశంలో సుంకం చాలా ఎక్కువ. అందుకే ఇక్కడ అమ్మాలంటే ఇక్కడే చేయాలి. ఫోర్డు కార్లు మనవాళ్లు అనుకున్నంతగా కొనలేదు. కియావి కొంటున్నారు." 2017లో ఒప్పందం జరిగి, 2019లో మొదటి కారు బయటికొచ్చిందనీ, ఏడాదికి 3 లక్షల కార్లు చేయగల ఫ్యాక్టరీ అనీ, దాని చుట్టూ విడిభాగాల కంపెనీలు కూడా వచ్చి చేరాయనీ, అన్నిటినీ పెకలించుకుని పోవడం అంత సులువు కాదనీ చెప్పాడు. గొల్లపల్లి రిజర్వాయరు నుంచి దానికి నీళ్లొస్తాయట. హంద్రీనీవా మీదుగా వెళ్లిన కృష్ణ నీళ్లే. మన సాగర్ కాలువలో పారేదీ ఆ కృష్ణమ్మే కదా అనుకున్నాను.

అమ్మాయి అప్పటిదాకా తల వంచుకునే ఉంది. ఉన్నట్టుండి, "అయినా పోతే? మీరేం చేస్తారు?" అంది.

"వేరేచోట పని వెతుక్కుంటాను. మెషిన్ వాళ్లది, పని నాది. కానీ కొన్నాళ్లు కష్టమవుతుంది. అందుకే అక్కడ ఇల్లు కొనలేదు, అప్పు చేయలేదు. నాన్న రెండెకరాలూ అమ్మనివ్వను" అన్నాడు. చిన్నప్పుడు కల్లంలో మిరపకాయల మీద పరుగెత్తి, కళ్లు మండి ఏడ్చిన పిల్లాడు వీడేనా అనిపించింది.

తిరిగొచ్చేటప్పుడు మార్టూరు దాటాక చీకటి పడింది. జిన్నింగు మిల్లుల దీపాలు కనిపిస్తున్నాయి. పక్కన మా ఆయన వేసుకున్న చొక్కా గుర్తొచ్చింది. పండక్కి నేనే కొన్నాను. ఇంటికొచ్చి కాలరు వెనక చూస్తే బంగ్లాదేశ్‌లో కుట్టిందని ఉంది. మన దేశం నూలు బాగా కొనేవాళ్లలో బంగ్లాదేశ్ ఒకటి. ఎవరికి తెలుసు, మా అక్క చేలో తీసిన పత్తే నూలై అక్కడికి వెళ్లి, చొక్కా అయి మా ఇంటికొచ్చిందేమో! అక్కడ ఆ చొక్కా కుట్టిన పిల్ల జీతం మీద ఒక ఇల్లు నడుస్తూ ఉంటుంది. మరి ఆ చొక్కా ఇక్కడే కుట్టి ఉంటే, ఒంగోలు పెద్దాయన మిల్లు నిలబడేదా? నాకు తెలియదు. కోపం తెచ్చుకుందామన్నా ఎవరి మీద తెచ్చుకోను?

కియాకు కొరియాలో గ్వాంగ్జు, హ్వాసాంగ్ ఊళ్లలో ఫ్యాక్టరీలున్నాయి. మా అక్క లాంటి తల్లి అక్కడా ఒకతి ఉండే ఉంటుంది. ఇక్కడ కొత్త ప్లాంటు పెట్టారని మనం మిఠాయిలు పంచుకున్న రోజు, మావాడి పని ఉంటుందా అని ఆవిడ అడిగి ఉంటుంది. మన దగ్గరికొస్తే అభివృద్ధి, మన దగ్గర్నుంచి పోతే అన్యాయం అంటాం. టీవీలో ఈ వాదన వచ్చినప్పుడల్లా నేను కూడా ఒక దేశం పక్షాన కూర్చునేదాన్ని. ఇప్పుడు అలా కూర్చోలేకపోతున్నాను. రావడానికి ఎన్ని రాయితీలు, ఎంత భూమి, ఎన్ని నీళ్లు అని ముందే మాట్లాడుకుంటారు. పోయేటప్పుడు పనివాళ్లకు ఏం ఇచ్చి పోవాలో కూడా ఆ రోజే రాసుకోవచ్చు కదా. సమ్మె చేసి అడిగే పని ఉండదు.

పెనుకొండ పేరు విన్నప్పుడల్లా బీఏలో చదువుకున్నది గుర్తొస్తుంది. 1565 యుద్ధం తర్వాత రాయల రాజధాని హంపీ నుంచి అక్కడికే వచ్చింది. తర్వాత చంద్రగిరికి పోయింది. రాజ్యాలే కదిలాయి, ఫ్యాక్టరీ ఎంత! ఊరు మాత్రం అక్కడే ఉంది, ఏదో ఒకటి చేసుకుని బతుకుతూ.

గురువారం ఒంగోలు నుంచి ఫోనొచ్చింది. "ఉంటుందని అబద్ధం చెప్పి ఉంటే ఒప్పుకునేవాణ్ణి కాదమ్మా" అన్నారట పెద్దాయన. అమ్మాయి బీఈడీ చేస్తానంది, మావాడు సరేనన్నాడు. ఇద్దరి జీతాలూ ఒకే ఫ్యాక్టరీ మీద ఆధారపడకూడదన్నది ఆ పిల్ల ఆలోచనే. శ్రావణంలో ముహూర్తం.

మా అక్క అప్పుడే కొత్తకాపురానికి కారం, ఆవకాయ సర్దడం మొదలుపెట్టింది. "పెనుకొండలోనే ఉంటారో, ఇంకెక్కడికి పోతారో, ఇన్ని జాడీలెందుకే?" అన్నాను.

"ఎక్కడికి పోయినా అన్నం తినాలిగా" అంది.